ఒకసారి చెప్పిన గద సార్

మా బడి మైదానంలో పొద్దున ఐదున్నరకు పరుగు మొదలయ్యే ముందు ఒక పని జరుగుతుంది. పిల్లలంతా వరసగా కింద కూర్చుంటారు. ప్యాంట్లు మోకాలి దాకా మడుస్తారు. కాలి లోపలి వైపున, చీలమండ పైనుంచి మోకాలి కిందిదాకా, ఎముక అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోతారు. ఎక్కడైనా నొప్పి ఉంటే చెప్పాలి. చెప్పినవాళ్ల పేరు నోట్‌బుక్‌లో రాస్తాం. వాళ్లు ఆ రోజు పరుగెత్తరు, వేరే పని చేస్తారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచర్లు ఇది చూసి నవ్వుతారు. మాకు నవ్వు రాదు. ఈ అలవాటు వెనుక ఒక అబ్బాయికి చేజారిన ఉద్యోగం ఉంది. అందులో మా తప్పు కూడా ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేం ఉట్నూరు ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ముగ్గురం గోండు ఉపాధ్యాయులం. ముగ్గురివీ నలభై దాటిన వయసులు, ముగ్గురం డైట్‌లో రెండేళ్లు డీఎడ్ చదివినవాళ్లం. పిల్లలకు ఆటలు ఎలా ఆడించాలో అక్కడ నేర్పారు. ఆడే పిల్లవాడు కాలు పట్టుకుని కూర్చుంటే ఏం చెయ్యాలో మేం నేర్చుకోలేదు. చిన్నప్పుడు బడికి చెప్పుల్లేకుండా నడిచివెళ్లిన తరం మాది. కాలు నొప్పి అంటే మా ఇళ్లలో ఎవరూ తల ఎత్తి చూసేవాళ్లు కాదు. మేమూ అలాగే తయారయ్యాం.

2022 ఏప్రిల్‌లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. మా గూడెం నుంచి, చుట్టుపక్కల గూడేల నుంచి ఇరవై మంది దాకా దరఖాస్తు చేశారు. అందులో ఒక అబ్బాయి మా దగ్గరే ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివినవాడు. డిగ్రీ అయిపోయింది. నాన్నకు నాలుగెకరాల పత్తి చేను, నెత్తిన అప్పు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ అబ్బాయి గది వదల్లేదు. ప్రిలిమ్స్ కోసం పుస్తకాలతోనే కూర్చున్నాడు. అక్టోబరులో ఫలితాలు వచ్చాయి, పాసయ్యాడు. డిసెంబరులో దేహదారుఢ్య పరీక్షలు. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఆ పరుగు గెలిస్తేనే ఎత్తు కొలుస్తారు, లాంగ్ జంప్, షాట్‌పుట్ అంతా ఆ తర్వాతే.

ఫలితాలు వచ్చిన రోజుల్లో ఊరంతా దండారిలో ఉంది. గుస్సాడీలు ఊరూరా తిరుగుతున్నారు. ఆ అబ్బాయి దండారికి కూడా రాలేదు. చేతిలో ఉన్నది ఏడు వారాలు. ఆరు నెలలు కూర్చున్న కాళ్లతో ఒక్కసారిగా రోజుకు ఎనిమిది పది కిలోమీటర్లు మొదలుపెట్టాడు. తారురోడ్డు మీద, సంతలో కొన్న పాత కాన్వాసు బూట్లతో, వారంలో ఏడు రోజులూ. పొద్దున దూరం, సాయంత్రం వేగం. మేం చూసి మురిసిపోయాం. మిగతా పిల్లలకు వాడినే చూపించాం.

రెండో వారంలో మా దగ్గరికి వచ్చి, కాలి ముందెముక లోపలి పక్కన గుంజుతోందని చెప్పాడు. పరుగు మొదలుపెట్టినప్పుడు ఉంటుందట, ఒళ్లు వేడెక్కాక పోతుందట, ఆపాక మళ్లీ వస్తుందట. మేం ఏమన్నామో మాకు బాగా గుర్తుంది. "అలవాటైతే అదే పోతది. ఇప్పుడు ఆపితే నౌకరీ పోతది" అన్నాం.

వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నొప్పి మాత్రం పోలేదు. ముందు జండూబామ్ రాశాడు, తర్వాత గుడ్డ బిగించి కట్టాడు, ఆ తర్వాత ఊళ్లోని సూదుల డాక్టరు దగ్గరికి పోయాడు. సూది వేయించుకున్న రోజు నొప్పి తెలియలేదు. ఆ రోజు ఇంకా ఎక్కువ పరుగెత్తాడు. నవంబరు చివరికి రాత్రి పడుకున్నా కాలు సలపడం మొదలైందని వాళ్లమ్మకు తెలుసు, మాకు తెలియదు. డిసెంబరులో మైదానంలో మూడో రౌండు సగంలో కూలబడ్డాడు. పక్కవాళ్లు రెండు చేతులూ పట్టుకుని బయటికి తెచ్చారు.

పట్నం ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎముకలో సన్నని చీలిక కనిపించింది. డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "రెండు నెలలుగా నొప్పి ఉంటే ఎవరికీ చెప్పలేదా?" మేం ఆ అబ్బాయి వైపు చూశాం. వాడు తల వంచుకుని అన్నాడు: "ఒకసారి చెప్పిన గద సార్. పోతదన్నరు. మళ్ల ఏం చెప్పాలె?"

ఆ మాట తర్వాత మేం చదవడం మొదలుపెట్టాం. డాక్టర్లను అడిగాం, ఫిజియోథెరపిస్టులను అడిగాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం. ఇప్పుడు కూడా మన గూడేల్లో వందల మంది పిల్లలు పోలీసుకూ, అగ్నివీర్‌కూ, అటవీశాఖకూ తారురోడ్ల మీద పరుగెత్తుతున్నారు. వాళ్ల దగ్గర కోచ్ ఉండడు. ఉంటే గింటే మనలాంటి టీచరే ఉంటాడు.

మోకాలి కింద ముందు భాగంలో చేతికి తగిలే పెద్ద ఎముకను పాఠ్యపుస్తకంలో అంతర్జంఘిక అంటాం. పరుగెత్తేవాళ్లకు దాని లోపలి అంచు వెంట వచ్చే నొప్పిని షిన్ స్ప్లింట్స్ అంటారు. కిలోమీటరుకు దాదాపు వెయ్యి అడుగులు పడతాయి. పడిన ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు కాలు మోస్తుంది. దానికి ఎముక తట్టుకోలేదని కాదు. ఎముక రాయి కాదు, బతికి ఉన్న పదార్థం. భారం పెరిగితే తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. అయితే కట్టే ముందు పాతదాన్ని కొంత తవ్వి తీసేస్తుంది. గుడిసెకు గోడ తిరిగి పెట్టేటప్పుడు పాత మట్టిని రాల్చినట్టే. తవ్వడం త్వరగా అవుతుంది, కట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు మూడు నాలుగు వారాల్లోనే వేగం అందుకుంటాయి. అందుకే పిల్లవాడికి "ఇంకా పరుగెత్తగలను" అనిపిస్తుంది. ఎముక మాత్రం వెనకబడి ఉంటుంది. మా అబ్బాయికి జరిగింది ఇదే. వాడు బలహీనుడు కాడు. వాడి ఊపిరి ముందుకు పోయింది, ఎముక వెనక ఉండిపోయింది.

ఈ నొప్పి దశలు తెలిస్తే చాలా ప్రమాదం తప్పించవచ్చు. మొదట పరుగు మొదట్లోనే ఉండి, వేడెక్కాక పోతుంది. తర్వాత పరుగంతా ఉంటుంది. ఆ తర్వాత నడిచినా ఉంటుంది. ఇక్కడిదాకా నొక్కి చూస్తే నొప్పి ఒక బెత్తెడు మేర పరుచుకుని ఉంటుంది. అలా కాకుండా ఒక్క వేలు పెట్టి చూపించగలిగేంత చోటే పోటు పెడుతుంటే, కూర్చున్నా పడుకున్నా సలుపుతుంటే, ఆ కాలి మీద ఒంటికాలి గెంతు వేయలేకపోతుంటే, అది ఎముక చీలిక కావచ్చు. పరుగు ఆ క్షణమే ఆపి ఆస్పత్రికి తీసుకుపోవాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చీలిక కనిపించకపోవచ్చు కూడా. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నంత మాత్రాన మళ్లీ పరుగెత్తించకూడదు. నొప్పి ఉన్నంతకాలం విశ్రాంతి ఇవ్వాలి, డాక్టరుకు మళ్లీ చూపించాలి. పరుగెత్తేటప్పుడు పిక్క రాయిలా బిగుసుకుని పాదం తిమ్మిరెక్కితే అది వేరే సమస్య, దానికీ డాక్టరు కావాలి.

మన పిల్లల విషయంలో ఇంకొకటి మరిచిపోకూడదు. ఆదివాసీల్లో సికిల్ సెల్ ఎక్కువ. ఆ జబ్బు ఉన్నవాళ్లకు కూడా ఎముకల్లో నొప్పులు వస్తాయి. చలిలో, నీళ్లు తాగక ఒళ్లు ఎండినప్పుడు, బాగా అలసినప్పుడు ఎక్కువవుతాయి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. పరుగు సాధన మొదలుపెట్టే ప్రతి పిల్లవాడికీ ముందు ఆ పరీక్ష అయిందో లేదో మేం అడుగుతాం. జబ్బు ఉంటే డాక్టరు చెప్పిందే దారి. జబ్బు లేకుండా జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు పరుగెత్తవచ్చు. కానీ నీళ్లు తాగుతూ, మెల్లగా పెంచుకుంటూ, ఒళ్లు తేడాగా అనిపించిన వెంటనే ఆగాలి.

నొప్పి మొదటి దశలో ఉన్నప్పుడు మందు పెద్దగా లేదు. పరుగు ఆపడమే మందు. రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఆపడం అంటే మంచం ఎక్కడం కాదు. నొప్పి లేకుండా సైకిల్ తొక్కగలిగితే తొక్కాలి, వాగులో ఈత వస్తే పెద్దవాళ్లు ఉండగా ఈదాలి. గుండె, ఊపిరి సాధన పోదు, ఎముకకు మాత్రం తెరిపి దొరుకుతుంది. మొదటి రోజుల్లో ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెడితే హాయిగా ఉంటుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఐస్ పెట్టవద్దు, చల్లదనం వాళ్లకు చేటు. నొప్పి మాత్ర వేసుకునో, సూది వేయించుకునో పరుగెత్తడం అన్నిటికంటే పెద్ద తప్పు. మాత్ర ఎముకను బాగు చేయదు, అది చెబుతున్న మాట వినపడకుండా చేస్తుంది.

మళ్లీ ఎప్పుడు పరుగెత్తాలి? మేం మూడు పరీక్షలు పెట్టుకున్నాం. అరగంట చురుగ్గా నడిస్తే నొప్పి ఉండకూడదు. ఎముక అంచు వెంట నొక్కితే నొప్పి ఉండకూడదు. ఆ కాలి మీద పది గెంతులు వేస్తే నొప్పి ఉండకూడదు. మూడూ దాటాకే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలు. చీలిక వచ్చినవాళ్లకు ఈ లెక్క చాలదు. వాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. చాలామందికి రెండు మూడు నెలలు పడుతుంది.

అసలు రాకుండా చూసుకోవడమే మంచిది కదా. మాకు తెలిసిన మొదటి సూత్రం, నోటిఫికేషన్ కోసమో ఫలితాల కోసమో ఆగకూడదు. పుస్తకం పట్టిన రోజే పరుగు కూడా కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. మేం ఇప్పుడు పన్నెండు వారాల లెక్క పాటిస్తున్నాం. మొదటి రెండు వారాలు నడకలో మధ్యమధ్య నిమిషం చొప్పున పరుగు. మూడు, నాలుగు వారాల్లో రోజు విడిచి రోజు రెండు కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా. ఐదు నుంచి ఎనిమిదో వారం దాకా వారం మొత్తం దూరాన్ని పదో వంతు చొప్పున పెంచుతూ పోతాం. మూడు వారాలు పెంచితే నాలుగో వారం కొంత తగ్గిస్తాం. తొమ్మిదో వారం నుంచే వేగం. 7 నిమిషాల 15 సెకన్లు అంటే 400 మీటర్ల రౌండు 1 నిమిషం 48 సెకన్లలో పడాలి. వారానికి ఒక్క రోజు ఆ వేగంతో రౌండ్లు, రౌండుకూ రౌండుకూ మధ్య విశ్రాంతి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచం. పరీక్షకు ముందు వారం సగానికి తగ్గిస్తాం.

రెండోది, కాలిని బలపరచడం. బడి మెట్టు అంచు మీద ముందరి పాదాలతో నిలబడి మడమలు ఎత్తి దించడం, పదిహేను చొప్పున మూడుసార్లు. మడమల మీద ముప్పై మీటర్లు నడవడం, వేళ్ల మీద ముప్పై మీటర్లు నడవడం. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని అర నిమిషం నిలబడడం. గుంజీలు. వీటికి డబ్బు ఖర్చు లేదు. అడుగు పొడవు తగ్గించి చకచకా చిన్న అడుగులు వేయడం కూడా నేర్పుతాం. కాలు ఒంటికి చాలా ముందు పడితే ఎముకకు దెబ్బ ఎక్కువ.

మూడోది, నేల, బూట్లు. తారురోడ్డు అంచు వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే పక్కన పరుగెత్తితే ఒక కాలి మీదే భారం పడుతుంది. మొరం మైదానం దొరికితే అదే మేలు. మైదానంలో కూడా ఒక రోజు ఎడమ చుట్టు, ఒక రోజు కుడి చుట్టు తిప్పుతాం. బూట్లు ఖరీదైనవే కానక్కర్లేదు. అట్ట అరిగి పక్కకు వంగిపోయినవి మాత్రం వద్దు. ఇన్నాళ్లూ వట్టి కాళ్లతో పరుగెత్తిన పిల్లవాడికి పరీక్ష ముందు రోజు కొత్త బూట్లు తొడగవద్దు. వట్టి కాళ్ల నుంచి బూట్లకు మారినా, బూట్ల నుంచి వట్టి కాళ్లకు మారినా కొన్ని వారాలు తీసుకోవాలి.

నాలుగోది, తిండి. ఏమీ తినకుండా పరుగెత్తి, ఆ తర్వాత కూడా సరిగా తినని పిల్లల ఎముక త్వరగా దెబ్బతింటుంది. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. సాధన పెరిగి తిండి చాలక నెలసరి ఆగిపోతే అది అలసట కాదు, ఎముకకు ప్రమాద ఘంటిక. మా టీచరమ్మ ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి ఇది అడుగుతుంది. రాగి జావ, నువ్వులు, మునగాకు, పాలు, గుడ్డు, పప్పు, జొన్న రొట్టె. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మన పెద్దలు తిన్నవాటినే మనం మళ్లీ తినాలి.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు మండల స్థాయి ఆటలకు సాధన చేస్తూ పన్నెండో రోజే చెయ్యి ఎత్తింది. "నొక్కితే నొప్పి ఉంది సార్" అంది. రెండు కాళ్లకూ బెత్తెడు మేర. మూడు వారాలు పరుగు ఆపించాం. బడి సైకిల్ ఇచ్చాం, మెట్ల మీద మడమలు ఎత్తించాం. మొదటి వారం ఏడ్చింది, తన జాగా ఇంకొకరికి పోతుందని. పోలేదు. ఆటల్లో నాలుగో స్థానంలో వచ్చింది. పతకం రాలేదు. కాళ్లు మాత్రం బాగున్నాయి, ఈ ఏడాది మళ్లీ పరుగెత్తుతోంది.

ఆ అబ్బాయి సంగతి. 2023 జనవరిలో వాడు కాలు చాపుకుని ఇంటి ముందు కూర్చుని ఉండగా మెస్రం వాళ్లు నాగోబా కోసం గోదావరి నీళ్లు తేవడానికి నడిచి వెళ్తున్న రోజులు. హస్తినమడుగు దాకా పోయి మళ్లీ కేస్లాపూర్ రావాలి, అంతా చెప్పుల్లేకుండా. మేం వాడిని చూడడానికి పోయినప్పుడు వాళ్ల తాత అన్నాడు: "అంత దూరం ఎట్ల పోతరు? నడుస్తరు, ఊరొస్తే ఆగుతరు, పంటరు, తెల్లారి మళ్ల నడుస్తరు. ఒక్క దినంల ఎవరు పోతరు?" చిన్నప్పటి నుంచి మేం ఆ నడక చూస్తూనే ఉన్నాం. అందులో ఆగడం కూడా ఒక భాగమని మాకు ఎప్పుడూ తట్టలేదు. ఆగని పిల్లవాడినే గట్టివాడు అనుకున్నాం.

ఆదివాసీ పిల్లలు దేనికైనా ఓర్చుకుంటారు అని బయటివాళ్లు మెచ్చుకుంటారు. మనమూ ఆ మాటకు పొంగిపోతాం. పిల్లలు అది నమ్మి నోరు మూసుకుంటారు. సార్ ముందు నొప్పి అంటే చిన్నతనం, ఆపితే ఇంటి అప్పు గుర్తుకొస్తుంది. కాబట్టి చెప్పే బాధ్యత పిల్లల మీదే వదలకూడదు. అడగాల్సింది టీచరు. ఎక్కడ నొప్పి, ఎంత మేర, పరుగులో ఎప్పుడు వస్తుంది, రాత్రి ఉంటుందా. ఈ నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. మేం ఆ రెండు నిమిషాలు ఇచ్చి ఉంటే వాడు రెండో వారంలోనే ఆగేవాడు, నాలుగైదు వారాలు ముందుగానే తేరుకునేవాడు. అప్పుడు కూడా ఆ పరుగు అందేదో లేదో చెప్పలేం. కాలు మాత్రం విరిగేది కాదు.

వాడి ఎముక అతుక్కుంది. ఇప్పుడు చేను చూసుకుంటూ తర్వాతి నోటిఫికేషన్ కోసం చదువుతున్నాడు. వారానికి మూడు రోజులు పొద్దున్నే మా మైదానానికి వస్తాడు. తన పరుగు మొదలుపెట్టే ముందు పిల్లల వరసలో తనూ కూర్చుని ప్యాంటు మడుస్తాడు. మొన్న ఆరో తరగతి పిల్లవాడు ఒకడు నొక్కకుండానే "లేదు సార్" అన్నాడు. మేం నోట్‌బుక్‌లో రాయబోతుంటే ఆ అబ్బాయి లేచిపోయి వాడి కాలు తన ఒళ్లో పెట్టుకుని, తనే నొక్కి చూశాడు.